బూతులు, డబుల్ మీనింగ్, ముద్దు సీను: సెన్సార్‌కి పంపేముందే సర్దుకోవాల్సినవి

అడిగిన సంగతి ఇది: వైజాగ్‌లో తీసిన 110 నిమిషాల సినిమా, అంతా ఉత్తరాంధ్ర యాస, కొన్ని బూతులు, ఒక డబుల్ మీనింగ్ కామెడీ ట్రాక్, ఒక ముద్దు సీను. యూఏ సర్టిఫికెట్ (పెద్దల మార్గదర్శనంలో పిల్లలూ చూడొచ్చనేది) కావాలి. ఏవి పోతాయి?

ముందు ఏ యూఏ కావాలో తేల్చుకోండి. 2023 సవరణ తర్వాత యూఏ 7+, 13+, 16+ అని మూడయ్యాయి. ఆ వయసు అంకె తల్లిదండ్రులకి సూచన మాత్రమే. అదే 'ఎ' వస్తే 18 లోపు వాళ్లని హాల్లోకి రానివ్వకూడదు, టీవీ హక్కులు అమ్ముకోవడమూ కష్టం. మీ సినిమాకి 16+ అడగడమే సబబు. 13+ కోసం పాకులాడితే యాసలో ఉన్న జీవం పోతుంది.

డబుల్ మీనింగ్‌లో ప్రమాదం మాట కంటే షాట్‌లో ఎక్కువ. బీచ్ రోడ్డులో బొండాల బండివాడు "లేతదా బాబూ, ముదురుదా?" అంటే అందులో తప్పేం లేదు. ఆ మాట మీద కెమెరా పక్కనున్న అమ్మాయి మీదికి పాన్ అయి, వెనకాల 'టొయ్యి' మని సౌండ్ పడి, ఫ్రెండు వెకిలిగా నవ్వాడంటే దొరికిపోయినట్టే. 1991 మార్గదర్శకాల్లో నీచమైన కోరికలు రేపే ద్వంద్వార్థపు మాటలూ కూడదు, స్త్రీని కించపరిచే దృశ్యాలూ కూడదు. ఈ ఒక్క షాట్ రెండింటికీ తగులుతుంది. పాన్ తీసేసి బండివాడి మొహం మీదే ఉంచండి. నవ్వు ఎటూ పోదు, అమ్మాయికి అవమానమూ ఉండదు. నిజానికి సెన్సార్ లేకపోయినా అలాగే తీయాలి.

ఇక బూతులు. మ్యూట్ చేస్తే సరిపోతుందనుకోవద్దు. మాటలు, శబ్దాలు అన్నీ కలిపి మిక్స్ చేసేసిన ట్రాక్ మీద మ్యూట్ కొడితే మాటతో పాటు సముద్రం హోరు కూడా అర సెకను ఆగిపోతుంది, హాల్లో అందరికీ తెలిసిపోతుంది. డైలాగ్ ట్రాక్ విడిగా ఉంచుకుని దాన్నే కత్తిరించండి. కత్తిరించిన ఖాళీలో పెట్టడానికి ప్రతి లొకేషన్లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం శబ్దం రికార్డు చేసుకోండి.

మ్యూట్ కంటే మాట మార్చడం మేలు. డబ్బింగ్‌లో చూడాల్సింది పెదాలు. ప, బ, మ పలికితే పెదాలు మూసుకుంటాయి. కాబట్టి "నీ యమ్మ" ఉన్నచోట "ఓ యమ్మ" అతుకుతుంది. "లంజకొడకా"కి "దొంగకొడకా" చక్కగా కూర్చుంటుంది: అక్షరాలు అయిదే, రెండింట్లోనూ పెదాలు మూసుకోవు. "సంపేస్తాను" పెడితే మాత్రం మొదట్లోనే పెదాలు తప్పుతాయి. క్లోజప్ అయితే సెట్లోనే రెండో మాటతో ఇంకో టేక్ తీసి పెట్టుకోండి. మార్చిన మాట సబ్ టైటిల్లో కూడా మార్చాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

యాస విషయం ఇంకొకటి. మన దగ్గర గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే కుర్రాడు. సినిమా చూసేది సెన్సార్ బోర్డు హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం వాళ్లు. ఇచ్చే డైలాగ్ స్క్రిప్టులో ఇలాంటి మాటల పక్కన అర్థం రాసి పెట్టండి. 'బొక్క' తెలంగాణలో ఎముక, మన వైపు వేరేగా వినిపిస్తుంది, అదీ రాయండి.

ముద్దు సీనుకి ఇన్ని సెకన్లని లెక్క లేదు, సన్నివేశానికి అవసరమా అన్నదే చూస్తారు. బీచ్‌లో వైడ్ షాట్ మాత్రం తీసి, దగ్గరి షాట్లు గదిలో తీయండి. బయట జనం ఫోన్లు ఆపడం ఎవరి తరమూ కాదు. గదిలో డైరెక్టర్, కెమెరా, ఫోకస్, సౌండ్, ఒక మహిళా అసిస్టెంట్ చాలు. ఏది కనిపిస్తుందో, ఎక్కడ చేయి వేస్తారో నటి, నటుడితో ముందే మాట్లాడి కాగితం మీద రాసుకోండి. షూటింగ్ రోజు వద్దంటే అక్కడితో ఆపాలి. ఇద్దరి వయసు ధ్రువపత్రాలూ తప్పనిసరి.

కట్‌లు ఒప్పుకోలేకపోతే బోర్డులోనే సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ, ఆ తర్వాత హైకోర్టే. మధ్యలో అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు. థియేటర్లో వేసే ట్రైలర్‌కి వేరే సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాక తీసేసిన షాట్ మళ్లీ కలిపి హాల్లో వేస్తే అది నేరం.