చాట్ లైబ్రరీ చేర్చారు సరే, లాగవుట్‌లో ఏం చేశారు?

రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ)తో కట్టిన అప్లికేషన్‌లో, కస్టమర్లతో మాట్లాడేందుకు వాడే ఇంటర్‌కామ్ చాట్ పెట్టాలి, ఇంటర్‌కామ్ వాళ్లిచ్చిన స్క్రిప్టును మొదటి పేజీలో అతికిస్తే సరిపోతుందా అని అడిగారు. చాట్ గుర్తు కనబడటానికైతే చాలు. అంతటితో వదిలేస్తే ఏమవుతుందో అనుభవించినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న సంస్థలో ఉన్నప్పుడు, రక్తపరీక్షల కేంద్రాలు వాడే అప్లికేషన్‌కు నేనే చాట్ చేర్చాను. ఒక కేంద్రంలో రిసెప్షన్ కంప్యూటర్ దగ్గర ముగ్గురు వంతులవారీగా కూర్చునేవారు. ఒక సాయంత్రం అక్కడి నుంచి నెల్లూరు అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, పాస్‌వర్డ్ మరిచిపోయి సహాయం అడుగుదామని లాగిన్ పేజీలో చాట్ తెరిచానండీ. పొద్దున డ్యూటీలో ఉన్న మేడమ్ రాసినవన్నీ కనిపిస్తున్నాయి" అంది. అందులో ఒక రోగి పేరు, రిపోర్టు వివరాలు ఉన్నాయి. నా గుండె జారిపోయింది.

తప్పు లైబ్రరీది కాదు, నాది. లాగవుట్ నొక్కగానే మా సెషన్‌ను తుడిచేశాను గానీ, చాట్ సెషన్‌ను అలాగే ఉంచేశాను. ఇంటర్‌కామ్ సెషన్ కుకీ, అంటే చాట్ చేస్తున్నది ఎవరో గుర్తుంచుకునే చిన్న ఫైలు, బ్రౌజర్‌లో వారం రోజులు ఉంటుంది. లాగవుట్ కోడ్‌లో షట్‌డౌన్ అనే ఫంక్షన్‌ను కాల్ చేస్తే అది తొలగిపోతుంది. ఒక్క వరుస కోడ్! అది రాయనందుకు ఆ కేంద్రానికి స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

రెండో విషయం ఇంకా ముఖ్యం. బ్రౌజర్ నుంచి వినియోగదారు ఐడీని మాత్రమే పంపితే, బ్రౌజర్ కన్సోల్ (కోడ్ టైపు చేసి నడిపే కిటికీ) తెరవడం తెలిసిన ఎవరైనా వేరొకరి ఐడీ పెట్టి వాళ్ల సంభాషణ చదవవచ్చు. కాబట్టి మీ సర్వర్‌లోనే, రహస్య కీతో ఆ ఐడీకి ఎస్‌హెచ్‌ఏ-256 హెచ్‌మ్యాక్ (కీ తెలిసినవాళ్లే తయారుచేయగల ముద్ర లాంటి హ్యాష్ విలువ) లెక్కకట్టి, ఆ విలువను ఐడీతో పాటు పంపండి. ఆ పని బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్టులో చేయవద్దు, చేస్తే కీ అందరికీ కనిపిస్తుంది. ఇంటర్‌కామ్ సెట్టింగుల్లో ఈ హ్యాష్ తనిఖీని తప్పనిసరి చేయడం కూడా మరవకండి. హ్యాష్ పంపుతూ తనిఖీని ఆన్ చేయని ప్రాజెక్టులు నేను చూశాను.

రియాక్ట్‌లో పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాదు కాబట్టి రూట్ (అప్లికేషన్ లోపలి పేజీ చిరునామా) మారినప్పుడు ఆ సంగతి చాట్‌కు తెలిసేలా ఇంటర్‌కామ్ అప్‌డేట్ ఫంక్షన్‌ను కాల్ చేయాలి. ప్రతి క్లిక్‌కూ చేయకండి, అరగంటకు 20 కాల్స్ అనే పరిమితి ఉంది.

విడుదలకు ముందు ఒకే బ్రౌజర్‌లో ఒక ఖాతాతో సందేశం పంపి, లాగవుట్ చేసి, లాగిన్ పేజీలోనే చాట్ తెరిచి చూడండి. పాత సందేశం కనబడితే మీ లాగవుట్ కోడ్ ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను.