జెట్టాకు రెండో పంపు పెట్టే ముందు

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. నీ 2002 ఫోక్స్‌వ్యాగన్ జెట్టా టీడీఐ డీజిల్ కారు రాత్రంతా ఆగితే పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోందనీ, ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడతాననీ రాశావు. పెట్టొచ్చు. కానీ ముందు బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టర్ నుంచి ఇంజెక్షన్ పంపుకి (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మించే పంపుకి) వెళ్లే, లోపల కనిపించే పారదర్శక పైపు చూడు. ఇంజిన్ నడుస్తుండగా అందులో బుడగలు ఆగకుండా పోతున్నాయంటే లైన్ ఎక్కడో గాలి లాగుతోంది.

నీ బండికి ట్యాంకులో పంపు లేదు. ముందున్న ఇంజెక్షన్ పంపే అంత దూరం నుంచి డీజిల్ పీల్చుకోవాలి. అందుకే జాయింట్ కాస్త వదులైతే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. వెనక నుంచి పంపు నెట్టడం మొదలుపెడితే అదే జాయింట్ బయటికి కారుతుంది. బుడగలు పోయాయి కదా అని నువ్వు సంతోషిస్తావు, కింద రబ్బరు గొట్టాలు డీజిల్‌లో నాని ఉబ్బుతుంటాయి. కాబట్టి ఫిల్టర్ మీదుండే వాల్వు ఓ-రింగులు (గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగులు) ముందు మార్చు. చాలా బళ్లలో గాలి దూరేది అక్కడే. దాంతోనే బండి బాగైతే పంపు మాట మరిచిపో.

ఇక పెట్టాల్సిందే అయితే, అసలు పనంతా నైలాన్ ప్లాస్టిక్ లైన్‌ను అతకడంలోనే ఉంది. నైలాన్ పైపు మీద రబ్బరు గొట్టం తొడిగి స్క్రూ క్లాంపు బిగించేవాళ్లను చాలామందిని చూశాను. ఆ పని చేయకు. బిగింపుకి నైలాన్ నెమ్మదిగా నొక్కుకుపోతుంది, క్లాంపు అలాగే ఉన్నా పట్టు వదులుతుంది. నైలాన్ లోపలికి దిగే గాట్ల కనెక్టర్ కొనుక్కో. పైపును పదునైన బ్లేడుతో అడ్డంగా, వంకర లేకుండా కొయ్యి, రంపం వాడితే పొట్టు లోపల పడుతుంది. కొసను బాగా వేడి నీళ్లలో ముంచి, మెత్తబడగానే కనెక్టర్‌ను చివరిదాకా తొయ్యి. లైటర్ మంట మాత్రం వద్దు నాన్నా. పైపు పాతదై పెళుసుబారి చీలితే ఆ ముక్క వరకు అతకకు, మొత్తం లైనే మార్చు.

మిషిగన్ చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లుతారు కనుక రబ్బరు వైపు క్లాంపులు స్టెయిన్‌లెస్‌వే వాడు. గొట్టం మీద డీజిల్‌కు పనికొస్తుందని రాసి ఉండాలి.

పంపు 3 నుంచి 5 పీఎస్‌ఐ ఒత్తిడి ఇచ్చేది చాలు. పెట్రోల్ ఇంజెక్షన్ బళ్ల పంపు 40 పీఎస్‌ఐ దాటి నెడుతుంది, నీ ఇంజెక్షన్ పంపు సీళ్లు అది తట్టుకోలేవు. ఆగిపోయినా తనలోంచి డీజిల్‌ను పోనిచ్చే రకమే అడుగు. లేదంటే దారిలో పంపు కాలిపోయిన రోజు బండి అక్కడే ఆగిపోతుంది. దాన్ని ట్యాంకు దగ్గరే, వీలైనంత కిందికి, ముందు చిన్న జల్లెడ ఫిల్టర్‌తో పెట్టు.

కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే వచ్చేలా, ఫ్యూజు వేసి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) ద్వారా ఇవ్వు. యాక్సిడెంట్ దెబ్బకు తనంతట కట్టయ్యే స్విచ్ పాత ఫోర్డ్ బళ్లలో ఉంటుంది. స్క్రాప్ యార్డులో దొరికితే తెచ్చి తప్పకుండా పెట్టు. బండి బోల్తా పడ్డాక పంపు నడుస్తూ ఉండకూడదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. డీజిల్ వచ్చే లైన్ ఏదో, ట్యాంకుకు తిరిగి పోయేది ఏదో కోసే ముందే టేపు చుట్టి గుర్తుపెట్టుకో. కనెక్టర్లు ఆర్డర్ చేయకముందు నైలాన్ పైపు లోపలి, బయటి కొలతలు రెండూ తీసి నాకు పంపించు.

మీ మామయ్య