సుజానా క్లార్క్: రాసింది రెండు నవలలే, ముందు ఏది చదవాలి?

ఇంగ్లిష్ రచయిత్రి సుజానా క్లార్క్ రాసినవి రెండే నవలలు కదా, ఫాంటసీ చదివేవాళ్లు ఆవిడ పేరు అంత గౌరవంగా ఎందుకు తలుచుకుంటారు, కొత్తగా చదివేవాళ్లు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని అడిగారు. ముందు రెండో ప్రశ్న సంగతి చెప్పేస్తాను. ఆవిడ రెండో నవల ‘పిరనేసి’తో మొదలుపెట్టండి. నేను మొదటి నవలతో మొదలుపెట్టి, సగంలో కూడా కాదు, మొదట్లోనే ఆగిపోయాను. మళ్లీ ఆవిడ దగ్గరికి రావడానికి ఆరేళ్లు పట్టింది.

ఆవిడ మొదటి నవల ఆధారంగా 2015లో బీబీసీలో ఏడు ఎపిసోడ్ల సీరియల్ వచ్చింది. దాని గురించి ఎక్కడో చదివి, ఆ మొదటి నవల ‘జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’ కొన్నాను. దాదాపు ఎనిమిది వందల పేజీల చాటభారతం. నెపోలియన్‌తో యుద్ధాలు జరుగుతున్న కాలపు ఇంగ్లండ్. అక్కడ ఒకప్పుడు మంత్రవిద్య ఉండేది, మూడు వందల ఏళ్ల కిందట ఆగిపోయింది. 1806లో యార్క్ నగరంలో మంత్రవిద్య గురించి వ్యాసాలు చదువుకునే పెద్దమనుషుల సంఘంలోకి సెగండస్ అనే కొత్త మనిషి వచ్చి, అసలు ఇంగ్లండ్‌లో ఇప్పుడు మంత్రాలు ఎవరూ ఎందుకు వేయడం లేదు అని అడుగుతాడు. అక్కడ మొదలవుతుంది కథ. ఫుట్‌నోట్లే రెండు వందలకు కాస్త తక్కువ. కొన్ని పేజీలకు పేజీలు సాగుతాయి, ఒక్కోటీ ఒక్కో కథ. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. రాత్రి పేపర్లు దిద్దడం అయ్యాక పది పేజీలు చదివి నిద్రపోయేదాన్ని. ఏడో అధ్యాయం అయ్యాక ఇక నావల్ల కాదని అల్మారాలో పెట్టేశాను.

2021 మే నెలలో మా ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చింది. మిగతావాళ్లు రెండు మూడు వారాల్లో లేచి తిరిగారు. నాకు మాత్రం నీరసం పోలేదు. కుక్కర్ మూత బిగించి అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయేదాన్ని. ఉతికిన బట్టల బకెట్ మేడ మీదికి తీసుకెళ్తే ఆ రోజుకి అదే పని. చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వచ్చేది. డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి అంతా బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మా అత్తయ్య రోజూ మిరియాల చారు పెట్టింది. అందరూ ప్రేమగానే ఉన్నారు. కానీ నాకేమవుతోందో మాటల్లో పెట్టబోతే అది ఒట్టి బద్ధకంలా వినిపించేది. అది నన్ను బాగా బాధపెట్టింది.

ఆ సెప్టెంబరులో ఫోన్లో ఒక వార్త చూశాను. 2021 విమెన్స్ ప్రైజ్ ఫర్ ఫిక్షన్ సుజానా క్లార్క్‌కి, ‘పిరనేసి’ నవలకి. బహుమతి తీసుకుంటూ ఆవిడ, ఈ పుస్తకం మొత్తం సుదీర్ఘమైన అనారోగ్యంలోనే పుట్టిందని, ఎప్పటికీ రాయలేననుకున్నానని, తానిలా ఇక్కడ నిలబడటం దీర్ఘకాలపు జబ్బుతో మంచాన పడిన ఆడవాళ్లకు ధైర్యం ఇవ్వాలని కోరుకుంటున్నానని చెప్పారట. నేను అప్పుడు పడుకునే ఉన్నాను. వెంటనే పుస్తకం ఆర్డర్ పెట్టాను.

ఆవిడ జీవితం గురించి అప్పుడే వెతికి చదివాను. 1959లో నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి మెథడిస్ట్ పాస్టర్, అందుకని చిన్నప్పుడు ఊరూరూ మారుతూ పెరిగారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు, ప్రచురణ సంస్థల్లో ఉద్యోగాలు, కొంతకాలం ఇటలీలో, స్పెయిన్‌లో ఇంగ్లిష్ పాఠాలు. తర్వాత ఇంగ్లండ్ తిరిగొచ్చి, కేంబ్రిడ్జ్‌లో వంటల పుస్తకాలు ఎడిట్ చేసే ఉద్యోగంలో చేరారు. ఆ ఉద్యోగం చేస్తూ, మిగిలిన సమయంలో పదేళ్లు మొదటి నవల రాశారు. 1993లో ఒక రచనా శిక్షణ తరగతికి వెళ్లినప్పుడు అక్కడ పాఠం చెప్పిన రచయిత కోలిన్ గ్రీన్‌లాండ్ ఆవిడ కథ చూసి ఆశ్చర్యపోయి, ఆవిడకు చెప్పకుండానే ఇంకో రచయితకు పంపారు. ఆ కథ 1996లో అచ్చయింది. తర్వాత గ్రీన్‌లాండే ఆవిడ జీవిత భాగస్వామి అయ్యారు.

2004లో నవల వచ్చింది. ఎవరికీ తెలియని రచయిత్రి మొదటి పుస్తకాన్ని బ్లూమ్స్‌బరీ సంస్థ రెండున్నర లక్షల హార్డ్‌కవర్ ప్రతులతో విడుదల చేసింది. ఆ ఏడాది బుకర్ బహుమతి తొలి జాబితాలో (లాంగ్‌లిస్ట్) ఉంది, 2005లో ఫాంటసీ రచనలకు పెద్ద గుర్తింపుగా భావించే హ్యూగో, వరల్డ్ ఫాంటసీ అవార్డులు రెండూ వచ్చాయి. అదే 2005లో ఆవిడ ఉన్నట్టుండి కుప్పకూలారు. విపరీతమైన అలసట, తలనొప్పులు, వెలుతురు పడకపోవడం, మెదడుకి మంచు పట్టినట్టు ఉండటం. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్నారు. 2006లో ఒక కథల సంపుటి వచ్చింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు పుస్తకమే లేదు. సీరియల్ తీస్తున్నప్పుడు షూటింగ్ చూడటానికి వెళ్లారట. తన పాత్రలు, తన మంత్రగాళ్లు కళ్లెదుట నడుస్తుంటే, అక్కడివాళ్లు తనని రచయిత్రిగా పలకరిస్తుంటే, మళ్లీ రాయగలననే నమ్మకం వచ్చిందని ఆవిడే చెప్పారు. మొదటి నవలకి కొనసాగింపు రాయాలంటే బోలెడు చరిత్ర చదవాలి, పాత్రలు బోలెడు. అంత శక్తి లేదు. అందుకే తక్కువ మనుషులతో, పరిశోధన పెద్దగా అక్కర్లేని ఒక పాత ఆలోచనను తీసుకున్నారు. ఉన్న ఓపికకి సరిపడే కథను ఎంచుకోవడం నాకు గొప్పగా అనిపించింది. అప్పటికి నేను ఉన్న ఓపికని లెక్కేసుకుని బతుకుతున్నాను కాబట్టి ఆ లెక్క ఎంత కష్టమో తెలుసు.

‘పిరనేసి’ రెండు వందల యాభై పేజీల చిన్న పుస్తకం. అంతులేని ఒక భవనం, ఎన్ని గదులు దాటినా ఇంకో విశాలమైన గది, ప్రతి గదిలో పాలరాతి విగ్రహాలు. కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మేఘాలు. అందులో ఒక మనిషి చేపలు పట్టుకుంటూ, సముద్రపు నాచుతో చారు కాచుకుంటూ, ఆటుపోట్లు ఎప్పుడొస్తాయో లెక్కకట్టుకుంటూ, డైరీ రాసుకుంటూ ఉంటాడు. వారానికి రెండుసార్లు ఇంకో మనిషి వచ్చి మాట్లాడి వెళ్తాడు. అంతకంటే కథ చెప్పను, చెబితే మీకు అన్యాయం చేసినట్టే.

ఆ మనిషి సంవత్సరాలకు అంకెలు వేయడు. ఫలానా గదుల్లోకి ఆల్బట్రాస్ పక్షి వచ్చిన సంవత్సరం అని పేరు పెట్టుకుంటాడు. అది చదవగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది అవనిగడ్డ వైపు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి ఆవిడ. ‘‘మీ మావయ్యకి ఉప్పెన ఏడాది మూడో ఏడు’’, ‘‘ఉప్పెన తర్వాత రెండేళ్లకి ఈ ఇల్లు కట్టాం’’, ఇలాగే చెప్పేది. ఇంగ్లండ్‌లో కూర్చుని రాసిన మాయా భవనం ఆ ఒక్క వాక్యంతో నాకు బాగా తెలిసిన ఇల్లు అయిపోయింది.

రోజుకి నాలుగైదు పేజీలు చదివాను. అది అలా చదివించుకునే పుస్తకమే. డైరీ కాబట్టి ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఎక్కడ ఆపినా మళ్లీ దొరుకుతుంది. అంత ఒంటరితనంలో ఉన్నా ఆ మనిషి దేనికీ విసుక్కోడు. ఆ భవనం తనని చూసుకుంటోందని నమ్ముతాడు. అక్కడున్న పదమూడు మంది చనిపోయినవాళ్ల అస్థికలకు కలువ పూలు తీసుకెళ్లి పెట్టి, కాసేపు కబుర్లు చెప్పి వస్తాడు. ఆ పేజీల దగ్గర నేను ఏడ్చాను.

అది అయ్యాక, 2022 మొదట్లో, అల్మారాలోంచి పాత పుస్తకం తీశాను. ఈసారి మొదటి నుంచి, ఫుట్‌నోట్లతో సహా. ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయి పెళ్లికి ముందు చనిపోతుంది. ఎనిమిదో అధ్యాయంలో ఆమెను బతికించడానికి నోరెల్ అనే మంత్రగాడు ఒక ఫెయిరీని పిలుస్తాడు. ఫెయిరీ అంటే పిల్లల బొమ్మల పుస్తకాల్లో ఉండే రెక్కల పాపాయి కాదు. మనుషుల మంచీచెడ్డా పట్టని, తనకి నచ్చినదాన్ని ఎత్తుకుపోయే మాయజాతి మనిషి. మన కథల్లోని యక్షుడికి దగ్గర. ఆమె శేషజీవితంలో సగం తనకివ్వాలంటాడు. డెబ్బై ఐదేళ్లలో సగం అంటే చివరి సగం అనుకుని నోరెల్ ఒప్పుకుంటాడు. కానీ అతను తీసుకునేది ప్రతి రాత్రినీ. లేడీ పోల్ అయిన ఆ అమ్మాయి రాత్రంతా ఆ మాయజాతి కోటలో దిగులు సంగీతానికి నాట్యం చేసి, పొద్దున్నే ఒళ్లు హూనమై లేస్తుంది. ఏం జబ్బో ఎవరికీ అంతుపట్టదు. తనకేం జరుగుతోందో చెప్పబోతే నోట్లోంచి సంబంధం లేని వేరే కథలేవో వస్తాయి. మంత్రం తెలిసినవాళ్లు చూస్తే ఆమె నోటి దగ్గర ఎర్రటి, తెల్లటి గులాబీ కనిపిస్తుంది. నోటికి వేసిన తాళం అది.

ఇది 2004లో అచ్చయిన పుస్తకం. ఆవిడ జబ్బుపడింది 2005లో. అంటే తను అనుభవించక ముందే ఆ అలసటను, చెప్పుకోలేకపోవడాన్ని అంత దగ్గరగా రాశారు. ఆవిడకు అంత పేరెందుకు అని మీరు అడిగినదానికి నాకు తెలిసిన జవాబు ఇదే. ఆవిడ మాయలో అలంకారం ఉండదు. ఒక మనిషికి జరిగేది, ఇంకొకరికి చెప్పుకోలేనిది ఉంటుంది. నేను ఆ అధ్యాయాలు మా ఆయనకి తెలుగులో చెప్పాను. లేడీ పోల్ గురించి విన్నాక, నీకూ ఇలాగే ఉందా అని అడిగారు. అవునన్నాను. ఆ తర్వాత బట్టల బకెట్ నేను మొయ్యలేదు.

2024లో ‘ది వుడ్ ఎట్ మిడ్‌వింటర్’ అని బొమ్మలతో చిన్న పుస్తకం వచ్చింది, ఒక పూటలో అయిపోతుంది. అది ఎప్పుడైనా చదవచ్చు. ‘పిరనేసి’ అయ్యాక మాత్రం కొన్నాళ్లు ఆగి పెద్ద నవల తెరవండి. మొదటి అధ్యాయాలు నెమ్మదిగా నడుస్తాయి, విసుగు వస్తే రోజుకి రెండు పేజీలే చదవండి. ఏడో అధ్యాయం దగ్గర మాత్రం ఆపకండి.