మెదడు కథలు అల్లుతుందంటే మనకు మనమే అబద్ధం చెప్పుకుంటున్నట్టా?

మెదడు మనకు తెలియకుండా కథలు అల్లుతుందంటే అది అబద్ధమేగా అని అడిగారు. మా నాన్నమ్మను చూశాక నేనైతే ఆ మాట అనలేను.

ఆవిడకు మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మూడో రోజు డాక్టర్ "ఎడమ చెయ్యి ఎత్తండమ్మా" అన్నాడు. చెయ్యి దుప్పటి మీద అలాగే పడి ఉంది. "ఎత్తాగా బాబూ!" అంది. మళ్లీ అడిగితే, "పొద్దున్నుంచి గారెల పిండి రుబ్బి రుబ్బి చెయ్యి లాగేస్తోంది, కాసేపాగు" అంది. మా ఇంట్లో రుబ్బురోలు వాడి పదేళ్లు దాటింది. మా అత్త మొండితనం అనుకుని కసిరింది కూడా, పాపం. చెయ్యి పడిపోయిన సంగతే ఆవిడకు తెలియట్లేదని, దీన్ని అనోసోగ్నోసియా అంటారని డాక్టర్ బయటికొచ్చి చెప్పాడు.

తర్వాత దీని గురించి వెతుకుతుంటే మైఖేల్ గజానిగా అనే మెదడు శాస్త్రవేత్త చేసిన ప్రయోగం దొరికింది. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్ట కోసేసిన మనిషి మీద చేశారు. మాట్లాడే ఎడమ సగానికి కోడి కాలు, మాట రాని కుడి సగానికి మంచు కురిసిన ఇల్లు చూపించి, సరిపోయే బొమ్మలు ఎంచుకోమన్నారు. ఎడమ సగం నడిపే కుడి చెయ్యి కోడిని, కుడి సగం నడిపే ఎడమ చెయ్యి మంచు ఎత్తిపోయడానికి పనికొచ్చే పారను చూపించాయి. పార ఎందుకయ్యా అంటే, తడుముకోకుండా "కోళ్ల షెడ్డు శుభ్రం చెయ్యడానికి" అన్నాడు. మంచు సంగతి ఆ ఎడమ సగానికి తెలియనే తెలియదు! ఇలా కారణాలు అల్లే ఏర్పాటుకు గజానిగా 'ఇంటర్‌ప్రెటర్' అని పేరు పెట్టాడు.

నాన్నమ్మ విషయంలో ఇదొక్కటే కారణమని అనను, నేను డాక్టర్ని కాదు. కానీ ఆ పిండి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు. నలభై ఏళ్లు ప్రతి పండక్కీ రుబ్బిన మనిషి. చెయ్యి ఎందుకు లేవట్లేదని అడిగితే, మెదడు చేతికందిన పాత సరుకే తీసిచ్చింది. ఆవిడ అది మమ్మల్ని నమ్మించడానికి చెప్పలేదు. మాకంటే ముందు తనే నమ్మింది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లమూ తక్కువేం కాదు. నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ప్రయోగంలో అచ్చంగా ఒకేలాంటి నాలుగు జతల నైలాన్ మేజోళ్లు పెట్టి ఏది మేలో చెప్పమంటే, మిగతావాటికంటే ఎక్కువమంది కుడి చివరిదాన్నే ఎంచుకున్నారట. పెట్టిన చోటు వల్లే అని తమంతట తాముగా ఒక్కరూ అనలేదు.

మూడు వారాలకు నాన్నమ్మ తనంతట తనే ఆ చేతిని చూసి, "ఇది పడిపోయిందిరా" అంది. గారెల పిండి సంగతి ఎత్తితే, "నేనెప్పుడన్నానురా ఆ మాట?" అని నామీదే విరుచుకుపడింది.