సర్జరీ పీజీలకు (ఎంబీబీఎస్ తర్వాత సర్జరీలో పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేసే డాక్టర్లకు) శిక్షణ బాగుండాలంటే, వాళ్లు తృప్తిగా పనిచేయాలంటే ఏం చేయాలి?

నేను ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఎంఎస్ జనరల్ సర్జరీ చేశాను. నా సమాధానం ఒక్కటే. కేసు చేతికివ్వండి, పక్కనే నిలబడి నేర్పండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

సెకండ్ ఇయర్‌లో ఒక నైట్ డ్యూటీలో పర్ఫొరేషన్ కేసు, అంటే పేగుకు రంధ్రం పడిన కేసు వచ్చింది. ఎక్స్‌రేలో డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య కండరం) కింద గాలి స్పష్టంగా కనిపిస్తోంది. పొట్ట తెరిచాక మా అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు "నువ్వు ఇటు రా" అని నన్ను కుడివైపుకు పిలిచి, తను ఎదురుగా వెళ్లి రిట్రాక్టర్ పట్టుకున్నారు. డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) మీద చిన్న రంధ్రం. విక్రిల్ దారంతో కుట్లు వేయించి, పైన ఒమెంటమ్ (పొట్టలో ఉండే కొవ్వు పొర) పరిచేలా చేసి, ముడులు వేయమన్నారు. "గట్టిగా బిగించకు. కదలకుండా ఉంటే చాలు, నలిగితే ఆ పొర రక్తం అందక చచ్చిపోతుంది" అన్నారు. చివరి ముడి దగ్గర నా వేలి మీద తన వేలు ఆనించి, ఎంత బిగువు సరిపోతుందో చూపించారు. అది ఏ పుస్తకం చదివినా రాదు. ఆ రాత్రి నిద్ర లేదు, అయినా మర్నాడు రౌండ్స్‌కి హుషారుగా వెళ్లాను.

అదే యూనిట్‌లో మిగతా రోజుల్లో ల్యాబ్‌కి శాంపిల్స్ మోయడం, బ్లడ్ బ్యాంక్ చుట్టూ తిరగడం, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపడం. పీజీని నీరసపరిచేది ఇదే. వార్డుకో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని, సరిపడా వార్డు బాయ్‌లని ఇస్తే సగం టెన్షన్ పోతుంది. అది మానేసి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసులు పెడతారు, అదీ డ్యూటీ దిగి పడుకునే వేళకి!

పనిగంటల గురించి కాగితాల మీద చాలానే ఉంది. రెసిడెంట్ డాక్టర్ల (ఆస్పత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందేవాళ్ల) కోసం కేంద్రం పెట్టిన 1992 రెసిడెన్సీ స్కీమ్ వారానికి 48 గంటలంది. 2023 ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనలు వారానికో సెలవు ఇవ్వమన్నాయి కానీ, పనిగంటలకు అంకె పెట్టలేదు. 2024లో ఎన్ఎంసీ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సూచించింది. అమెరికాలో 2003 నుంచే వారానికి 80 గంటల పరిమితి ఉంది. గంటలు తగ్గాల్సిందే, కాకపోతే తగ్గించేది గుమాస్తా పనిలో తగ్గించాలి, ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) కాదు.

కౌన్సెలింగ్‌లో సీటు ఎంచుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్టైపెండ్ ఎంతో తర్వాత చూసుకోండి. ముందు అక్కడి థర్డ్ ఇయర్ వాళ్లను కలిసి లాగ్‌బుక్ (తాము పాల్గొన్న ఆపరేషన్లు రాసుకునే పుస్తకం) చూపించమనండి. అందులో అసిస్ట్ చేసినవి ఎన్ని, స్వయంగా చేసినవి ఎన్ని అన్నది చూసి నిర్ణయించుకోండి.