మళ్ళీ ఆ పుస్తకం తెరిచే ముందు

నాన్నా,

దోస్తోయెవ్‌స్కీ నవల 'కరమజోవ్ సోదరులు' మళ్ళీ చదవాలని ఉంది పెద్దమ్మా, కానీ భయంగా ఉంది అని మొన్న ఫోన్‌లో అన్నావు. మీ అమ్మ పోయి ఏడు నెలలేగా, భయం ఉంటుంది. అయినా చదువు. నేను చేసిన తప్పు మాత్రం చెయ్యకు.

మీ పెదనాన్న పోయిన ఏడాది నేనూ ఆ పుస్తకం తీశాను. జవాబు కోసం పేజీలు గబగబా తిప్పేస్తూ ఆ సోదరుల్లో ఒకడైన ఇవాన్ దగ్గరికి వెళ్ళిపోయాను. పసిపిల్లల కన్నీళ్ళు ఖరీదుగా కట్టి కొనే స్వర్గం నాకొద్దు, నా టికెట్టు వెనక్కి ఇచ్చేస్తున్నానంటాడే, అక్కడికి. రాత్రిపూట, ఒంటరిగా చదివాను. అతను చెప్పిందే నిజమనిపించి పుస్తకం మూసేశాను. రెండేళ్ళు ముట్టుకోలేదు. నువ్వు ఆ అధ్యాయం పగటిపూట చదువు, ఇంట్లో మనుషులున్నప్పుడు. అక్కడ మాత్రం ఆగిపోకు. పన్నెండు భాగాల్లో అది ఐదోది. కనీసం ఏడో భాగం దాకా వెళ్ళు. మఠంలోని ముసలి సన్యాసి జోసిమా శవపేటిక పక్కన కునుకు పట్టిన చిన్న తమ్ముడు అల్యోషా లేచి, బయటికొచ్చి, నేలను వాటేసుకుని ఏడుస్తాడు. ఇవాన్‌కి ఎదురువాదన ఏమీ ఉండదక్కడ. ఆ ఏడుపే ఉంటుంది.

కానీ నువ్వు ఎక్కువసేపు ఉండాల్సిన చోటు ఇంకా ముందే వస్తుంది. రెండో భాగంలో, మఠానికి వచ్చిన పల్లెటూరి ఆడవాళ్ళ అధ్యాయం. ఒక తల్లి మూడేళ్ళకు మూడు నెలలు తక్కువున్న కొడుకును పోగొట్టుకుని వస్తుంది. ఇల్లంతా టపటపా తిరిగిన ఆ అడుగుల చప్పుడు ఒక్కసారి వింటే చాలంటుంది. కొంగులో దాచుకున్నట్టు గుండెల దగ్గర పెట్టుకున్న వాడి నడుం పట్టీ తీసి చూపిస్తుంది. బిడ్డ దేవుడి దగ్గర ఉన్నాడమ్మా అంటాడు జోసిమా. నా మొగుడూ అదే చెప్పాడు అంటుందామె. అప్పుడాయన ఆ మాట వదిలేస్తాడు. ఓదార్పు వద్దు, ఏడువు అంటాడు. తర్వాత, ఇంట్లో ఒంటరిగా ఉన్న మొగుడి దగ్గరికి వెళ్ళమంటాడు. కుర్రతనంలో ఈ చివరి మాట నేను గమనించనే లేదు. మీ నాన్న ఇప్పుడు ఎలా ఉన్నారో నాకు తెలుసు కాబట్టి నీకు చెబుతున్నాను.

దోస్తోయెవ్‌స్కీ కొడుకు పేరు కూడా అల్యోషానే. 1878 మే నెలలో మూర్ఛ వచ్చి పోయాడు, సరిగ్గా ఆ పల్లెటూరి తల్లి బిడ్డ వయసులోనే. ఆ మరుసటి నెల ఆయన ఆప్టినా మఠానికి వెళ్ళి అంబ్రోస్ అనే పెద్దాయన్ని కలిశాడు. అంబ్రోస్ తనకు చెప్పమని పంపిన మాటలే నవలలో జోసిమా నోట వచ్చాయని భార్య అన్నా తన జ్ఞాపకాల్లో రాసుకుంది. నవల 1879లో అచ్చు కావడం మొదలైంది. ఇది తెలిశాక ఆ నడుం పట్టీ దగ్గర నేను ముందుకు కదల్లేకపోయాను.

పాత కాపీలో నీ పెన్సిలు గీతలుంటాయి. వాటిని చెరపకు, వాటి కోసం వెతకకు కూడా. ఇప్పుడు వేరే రంగుతో గియ్యి. నవలలో కోర్టు విచారణ భాగం బరువనిపిస్తే రోజుకు పది పేజీలు చాలు.

చివర్లో ఇల్యూషా అనే చిన్నపిల్లాడి సమాధి వస్తుంది. నా సమాధి మీద రొట్టె ముక్కలు చల్లు నాన్నా, పిచ్చుకలు వస్తే నేను ఒంటరిగా ఉండను అని ఆ పిల్లాడు ముందే అడిగి ఉంటాడు. మీ అమ్మకు పిండం పెట్టినరోజు కాకి కోసం మనం ఎంతసేపు నిలబడ్డామో గుర్తుందా? అంతా అయ్యి ఇంటికొచ్చిన తండ్రికి మూలన కొడుకు పాత బూట్లు కనిపిస్తాయి. అప్పుడు ఒకసారి వెనక్కి వెళ్ళి ఆ నడుం పట్టీ పేజీ మళ్ళీ చూడు.

అది ఒక్కడివే చదవలేకపోతే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. నా కాపీ మంచం పక్కనే ఉంటుంది. చెరో పేజీ చదువుకుందాం.

నీ పెద్దమ్మ