యుద్ధ భయం ఉన్నప్పుడు అధ్యక్షుడు అడిగితే పత్రికలు వార్త ఆపుతాయా?

ఆపిన సందర్భాలున్నాయి. ఒక్కోసారి అడగకుండానే తగ్గించి రాస్తాయి, నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే. అమెరికాలో కెనెడీ కాలం చూడండి. క్యూబా వదిలి వచ్చిన ప్రవాసులు ఆ దేశంపై దాడికి శిక్షణ పొందుతున్నారని 1961 ఏప్రిల్ 7న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. కానీ అచ్చుకు ముందే అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ప్రస్తావన, దాడి దగ్గరపడిందన్న మాట తీసేశారు. నాలుగు కాలమ్‌ల హెడ్డింగ్‌ను ఒక్క కాలమ్‌కు కుదించారు. కెనెడీ ఫోన్ చేసి ఆపించారని చాలామంది చెబుతారు గానీ, ఆ కోత ప్రధానంగా పత్రిక పెద్దల సొంత నిర్ణయమే.

పది రోజులకు క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్‌లో ఆ దాడి మొదలై, ఘోరంగా విఫలమైంది. ఆ నెల 27న ప్రచురణకర్తల సభలో సంయమనం పాటించమని కోరిన కెనెడీయే, ఆ తర్వాత టైమ్స్ ఎడిటర్ కాట్లెజ్‌తో, మీరు ఇంకా ఎక్కువ రాసి ఉంటే మమ్మల్ని పెద్ద తప్పు నుంచి కాపాడేవారని అన్నారు.

1962 అక్టోబర్‌లో క్యూబాలోని సోవియట్ క్షిపణుల సంగతి టైమ్స్‌కు తెలిసినప్పుడు మాత్రం కెనెడీ స్వయంగా ప్రచురణకర్త డ్రైఫూస్‌కు ఫోన్ చేశారు. పత్రిక ఆగింది. 22న ఆయనే టీవీలో అంతా చెప్పారు. ఆ కొద్దిపాటి ఆలస్యం న్యాయమేనని నా అభిప్రాయం. 1961 నాటి కోత మాత్రం కాదు.